డల్లాస్ మావెరిక్స్ 2024-25 సీజన్: అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే క్రికెట్ అయ్యాక, ఇండియా ట్రిప్పు టికెట్ల రేట్లు అయ్యాక, ఎవరో ఒకరు మావ్స్ (మా ఊరి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్) సంగతి కదుపుతారు, ముఖ్యంగా 2025 ఫిబ్రవరిలో తమ స్టార్ లుకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసిన ట్రేడ్ సంగతి. హైదరాబాద్ నుంచి కూడా అవే ప్రశ్నలు. ప్రతి గ్రూపులో మళ్లీ మొదటి నుంచి టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నాను. బాస్కెట్‌బాల్ పెద్దగా చూడనివాళ్లకీ అర్థమవ్వాలని కొన్ని విడమరిచాను, తెలిసినవాళ్లు ఆ ముక్కలు దాటేయండి.

ముందు ఒక్క మాటలో చెప్పండి, అంత ఘోరంగా ఆడారా?

39 గెలుపులు, 43 ఓటములు, 15 జట్లుండే వెస్ట్ విభాగంలో పదో స్థానం. అంకెలు చూస్తే ఘోరం అనిపించదు, అంతకంటే అధ్వానంగా ఆడిన జట్లు ఆ ఏడాది చాలానే ఉన్నాయి. కానీ ముందు ఏడాది ఇదే జట్టు 50 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్‌లో క్లిప్పర్స్‌ని, ఓక్లహోమా సిటీని, మిన్నెసోటాని వరసగా ఇంటికి పంపి ఫైనల్స్ దాకా వెళ్లింది. అక్కడ బోస్టన్ చేతిలో 4-1తో ఓడింది. అయినా ఊళ్లో అందరి లెక్కా ఒకటే, ఇంకొక్క మెట్టు. దానికోసమే వేసవిలో క్లే థాంప్సన్‌ని తెచ్చుకున్నారు. ఆ మెట్టెక్కాల్సిన ఏడాది కాస్తా ప్లేఆఫ్స్ కూడా లేకుండా ముగిసింది. బాధ అంకెల్లో లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికి పడ్డారన్నదాంట్లో ఉంది.

ఆ ట్రేడ్‌లో ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు?

లుకా డాన్చిచ్, మాక్సి క్లీబర్, మార్కీఫ్ మోరిస్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి. ఆంథొనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, లేకర్స్ 2029 ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ వంతు) డల్లాస్‌కి. లెక్కలు సరిపెట్టడానికి మధ్యలో యూటా కూడా దూరి ఒక కుర్రాడిని, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లని పట్టుకెళ్లింది.

లుకా అప్పటికి 25 ఏళ్లవాడు. వరసగా అయిదేళ్లు ఆల్-ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో (లీగ్‌లో ఏడాదికి ఎంపిక చేసే అత్యుత్తమ అయిదుగురిలో) ఉన్నాడు, 2023-24లో సగటున 33.9 పాయింట్లతో లీగ్‌లోనే టాప్ స్కోరర్. డేవిస్‌కి 31 దాటాయి. లేకర్స్‌తో 2020లో టైటిల్ గెలిచిన మొనగాడే, డిఫెన్స్‌లో అతనికి సాటి వచ్చేవాళ్లు తక్కువ, కానీ గాయాలతో ఆటలు పోగొట్టుకుంటాడని లీగ్ అంతటికీ తెలుసు. ట్రేడ్ జరిగిన రోజున కూడా గాయంతో బయటే ఉన్నాడు.

వార్త విన్నప్పుడు ఎవరూ నమ్మలేదట, నిజమేనా?

నిజమే. 2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి, డల్లాస్ టైమ్ 11 దాటాక ఈఎస్‌పీఎన్ రిపోర్టర్ షామ్స్ చరానియా పోస్టు పెట్టాడు. ఇండియాలో అది ఆదివారం పొద్దున పదిన్నర దాటిన వేళ. అందరికీ వచ్చిన మొదటి అనుమానం అతని అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారని. చివరికి, అవును ఇది నిజమేనని, ఆయనే ఇంకో పోస్టు పెట్టాల్సి వచ్చింది. లుకాకి కూడా ముందు తెలియదు. మర్నాడు జట్టు క్లీవ్‌ల్యాండ్‌లో 144-101తో ఓడింది. ఆ మ్యాచ్ ఆడినవాళ్లని తిట్టే మనసు ఎవరికీ రాలేదు.

అసలు ఎందుకు పంపించారు? ఏదో కారణం ఉండాలి కదా?

జనరల్ మేనేజర్ నికో హారిసన్ బయటికి చెప్పింది ఒకటే, డిఫెన్సే చాంపియన్‌షిప్‌లు తెస్తుందని. ఏ మైకు ముందు పెట్టినా అదే పాట. లోపలి నుంచి వార్తల్లోకి వచ్చినవి ఇంకో రెండు. లుకా ఫిట్‌నెస్, బరువు, తరచూ వచ్చే పిక్క గాయాలు ఒకటి. 2024 క్రిస్మస్ రోజు మిన్నెసోటాతో ఆడుతూ ఎడమ పిక్క పట్టేసి బయటికి వెళ్లాడు, డల్లాస్ జెర్సీలో అదే అతని చివరి ఆట అవుతుందని ఆ రోజు ఎవరనుకుంటారు! రెండోది డబ్బు. తర్వాతి వేసవిలో అతనికి అయిదేళ్లకి దాదాపు 345 మిలియన్ డాలర్ల సూపర్‌మ్యాక్స్, అంటే రూల్స్ ఒప్పుకునే అతి పెద్ద కాంట్రాక్ట్, ఇవ్వాల్సి వచ్చేది.

ఈ మూడింట్లో ఏదీ పూర్తిగా కల్పన కాదని నా అభిప్రాయం. లుకా డిఫెన్స్‌లో బద్ధకించేవాడు, రిఫరీలతో వాదిస్తూ వెనక్కి పరిగెత్తడం మర్చిపోయేవాడు, ఫైనల్స్‌లో బోస్టన్ వాళ్లు పనిగట్టుకుని అతని మీదికే ఎటాక్ చేశారు. కోపం రావడంలో తప్పులేదు. కోపంలో అమ్ముకోవడమే తప్పు.

సరే, అమ్మారు. రేటు సంగతి ఏంటి?

నాకు మింగుడు పడనిది ఇదే. 2024 వేసవిలో న్యూయార్క్ జట్టు మికాల్ బ్రిడ్జెస్ కోసం బ్రూక్లిన్‌కి అయిదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చింది. బ్రిడ్జెస్ మంచి ఆటగాడే, కానీ ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు. 2022లో రూడీ గోబేర్ కోసం మిన్నెసోటా నాలుగు పిక్‌లు, పైన ఆటగాళ్లని ఇచ్చింది. మరి లుకాకి? డేవిస్, క్రిస్టీ, ఒకే ఒక్క పిక్.

కారణం గుట్టు. హారిసన్ ఈ బేరం లేకర్స్ బాస్ రాబ్ పెలింకా ఒక్కడితోనే ఆడాడు. ఇద్దరికీ కోబీ బ్రయంట్ రోజుల నుంచి పరిచయం, పెలింకా కోబీకి ఏజెంట్, హారిసన్ నైకీలో పెద్ద ఉద్యోగి. జనవరిలో డల్లాస్‌లో కాఫీ తాగుతూ మొదలైన మాటలు బయటికి పొక్కకుండా నడిచాయి. మిగతా జట్లలో ఒక్కరికి ఫోన్ చేసినా వేలంపాట మొదలయ్యేది. ఊళ్లో రెండెకరాలు అమ్మేవాడు కూడా పక్క ఊరి వాళ్ల చెవిన వేసి, నలుగురు బేరం ఆడాక గానీ అడ్వాన్స్ తీసుకోడు! బయటికి తెలిస్తే గొడవవుతుందని గుట్టుగా చేశామన్నది వాళ్ల వాదన. అంత గొడవ అవుతుందని భయపడ్డవాళ్లు దాన్నిబట్టే ఆలోచించుకోవాల్సింది.

మరి డేవిస్? అతను బాగా ఆడలేదా?

డేవిస్‌ని ఏమీ అనకండి, పాపం. ఫిబ్రవరి 8న హ్యూస్టన్ మీద మొదటి ఆట. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్ట్‌లు, మ్యాచ్ గెలిచారు. మొదటి సగంలో అతని ఆట చూస్తుంటే హారిసన్ చెప్పింది కరెక్టేనేమో అని తిట్టినవాళ్లే గొణిగారు. మూడో క్వార్టర్‌లో గజ్జల దగ్గర కండరం పట్టేసింది, నడుచుకుంటూ లోపలికి వెళ్లాడు, మళ్లీ మార్చి 24 దాకా రాలేదు. మొత్తం రెగ్యులర్ సీజన్‌లో డల్లాస్‌కి ఆడింది 9 మ్యాచ్‌లు.

అయితే గాయాల వల్లే సీజన్ పోయిందనుకోవచ్చు కదా? దానికి మేనేజ్‌మెంట్ ఏం చేస్తుంది?

సగం నిజం. ముందు ఆ సగం చెప్తాను.

మార్చి 3, శాక్రమెంటోతో ఇంట్లో ఆట, మొదటి క్వార్టర్ చివర్లో కైరీ ఇర్వింగ్ బుట్ట వైపు దూసుకెళ్లాడు. ఫౌల్ అయింది, కింద దిగేటప్పుడు ఎడమ మోకాలు తప్పుగా వంగింది. నేల మీద మోకాలు పట్టుకుని పడిపోయాడు. ఫౌల్ జరిగింది తన మీద కాబట్టి ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్లు) తనే వేయాలి, లేకపోతే రూల్ ప్రకారం మళ్లీ ఆటలోకి రాలేడు. ఇద్దరి భుజాల మీద బరువు వేసి గీత దగ్గరికి వచ్చాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, రెండూ వేశాడు, రెండూ పడ్డాయి. తర్వాత లోపలికి తీసుకెళ్లారు. మర్నాడు స్కాన్‌లో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగిందని తేలింది. లుకా వెళ్లాక జట్టుని ఒంటిచేత్తో లాగుతున్నది అతనే, అప్పటికి సగటున 24.7 పాయింట్లు.

ఇంకా డెరెక్ లైవ్లీకి కుడి చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్, డేనియల్ గాఫర్డ్‌కి మోకాలి లిగమెంట్, పి.జె. వాషింగ్టన్‌కి చీలమండ. వచ్చిన కేలబ్ మార్టిన్ గాయంతోనే వచ్చాడు. అతని కోసం ఫిలడెల్ఫియాకి పంపిన క్వెంటిన్ గ్రైమ్స్ అక్కడికెళ్లి చెలరేగిపోయాడు. దురదృష్టం కాదని ఎవరనగలరు?

ఇక మిగతా సగం. గాయాలు ఏ జట్టుకైనా వస్తాయి. వచ్చినప్పుడు తట్టుకునేలా జట్టుని కట్టడమే జనరల్ మేనేజర్‌కి జీతమిచ్చే పని. వీళ్లు చేసిందేంటి? పిక్క నొప్పితో ఉన్న 25 ఏళ్లవాడిని గాయాల భయంతో వదిలించుకుని, గాయంతో ఉన్న 31 ఏళ్లవాడిని తెచ్చుకున్నారు. పక్కన 32 ఏళ్ల ఇర్వింగ్, 35 నిండబోతున్న థాంప్సన్. అందరూ ఒకేసారి ఆరోగ్యంగా ఉంటేనే నడిచే ప్లాన్ అది. దురదృష్టం బయటి నుంచే వచ్చింది, తలుపు మాత్రం వీళ్లే తీసిపెట్టారు.

ఆటగాళ్లు తక్కువైతే కొత్తవాళ్లని తెచ్చుకోవచ్చుగా?

మంచి ప్రశ్న. చాలామందికి తెలియని కథ ఇక్కడే ఉంది.

ఎన్‌బీఏలో జీతాల మొత్తానికి పరిమితులుంటాయి. కొన్ని రకాల డీల్స్ చేస్తే ఆ సీజన్‌కి ఒక గీత దాటి ఒక్క డాలర్ కూడా పెట్టకూడదు, దాన్నే హార్డ్ క్యాప్ అంటారు. క్లే థాంప్సన్‌ని సైన్-అండ్-ట్రేడ్ పద్ధతిలో (పాత జట్టే కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి వెంటనే ట్రేడ్ చేయడం) తెచ్చినందుకు డల్లాస్‌కి ఆ గీత 178.1 మిలియన్ డాలర్ల దగ్గర, ఫస్ట్ ఏప్రన్ అనే పరిమితి దగ్గర పడింది. ట్రేడ్‌లన్నీ అయ్యేసరికి ఆ గీతకీ వీళ్లకీ మధ్య మిగిలింది 51 వేల డాలర్ల చిల్లర. కనీస జీతంతో ఒక్కడిని తెచ్చుకోవడానికి కూడా ఆ డబ్బు చాలదు. రోజులు గడిచేకొద్దీ మిగిలిన సీజన్‌కి ఇవ్వాల్సిన కనీస జీతం తగ్గుతుంది కాబట్టి, అది ఆ చిల్లరలో పట్టేదాకా ఏప్రిల్ వరకు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు.

ఈలోపు ఆదుకున్నది టూ-వే కాంట్రాక్ట్ (ఎన్‌బీఏ జట్టుకీ దాని కింది లీగ్ జట్టుకీ మధ్య తిరిగే) కుర్రాళ్లు బ్రాండన్ విలియమ్స్, కెస్లర్ ఎడ్వర్డ్స్. వాళ్లకీ చిక్కే, టూ-వే వాళ్లు సీజన్ మొత్తంలో 50 మ్యాచ్‌లకి మించి డ్రెస్ వేసుకోకూడదు. కాబట్టి ఈ రాత్రి ఎవరిని ఆడించాలి, ఎవరి మ్యాచ్‌లు దాచుకోవాలి అని కోచ్ కాలిక్యులేటర్ పట్టుకోవాల్సి వచ్చింది. ఒక మ్యాచ్‌కి కనీసం ఎనిమిది మంది అందుబాటులో ఉండాలన్నది లీగ్ రూల్. మార్చిలో ఆ అంచు దాకా వచ్చారు. ఎనిమిది మంది దొరక్క మ్యాచ్ వదులుకుంటారా అని టీవీలో చర్చ! ఏడాది కిందట ఫైనల్స్ ఆడిన జట్టు.

కింద పడితే పట్టుకోవడానికి వల లేకుండా ఇంత పెద్ద ట్రేడ్ చేశారు. నా దృష్టిలో లుకాని పంపడం కంటే క్షమించరానిది ఇదే, ఎందుకంటే మొదటిది ఒక అభిప్రాయం, ఇది లెక్క. లెక్క ముందే కనిపిస్తుంది.

కోచ్ జేసన్ కిడ్ సంగతి?

అతని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. చేతిలో ఉన్నవాళ్లతో నెట్టుకొచ్చాడు. ట్రేడ్ గురించి ఆఖరి నిమిషం దాకా తనకీ తెలియదన్నాడు.

ఒక ఆటగాడు పోతే ఫ్యాన్స్ అంత గొడవ చేయాలా?

సన్‌రైజర్స్ ఫ్యాన్స్ అయితే ఈ ప్రశ్న అడగరు. 2021లో వార్నర్‌ని ముందు కెప్టెన్సీ నుంచి, తర్వాత టీమ్ నుంచే తప్పించినప్పుడు ఉప్పల్ జనం ఎలా ఫీలయ్యారో గుర్తు తెచ్చుకోండి. అప్పుడు కనీసం వార్నర్ ఫామ్‌లో లేడు.

డల్లాస్‌లో దీనికి ఇంకో పొర ఉంది. డిర్క్ నోవిట్స్కీ ఇక్కడే 21 సీజన్లు ఆడి, 2011లో మయామీని ఓడించి టైటిల్ తెచ్చి, ఇక్కడే రిటైర్ అయ్యాడు. లుకా కూడా యూరప్ నుంచి కుర్రాడిగా వచ్చి, డిర్క్ చివరి సీజన్‌లో పక్కన ఆడి, ఆ వారసత్వం తీసుకున్నాడు. ఇతనూ ఇక్కడే ముసలివాడవుతాడని అందరూ మనసులో రాసేసుకున్నారు. అందుకే ట్రేడ్ మర్నాడు జనం అరీనా బయట డిర్క్ విగ్రహం దగ్గరికే వెళ్లారు, ఒక ఉత్తుత్తి శవపేటిక కూడా తెచ్చి పెట్టారు. ఆటల్లో "ఫైర్ నికో" (నికో హారిసన్‌ని తీసేయండి) అని అరుపులు మొదలయ్యాయి. ఫిబ్రవరి 10న అలా అన్న కొందరిని సెక్యూరిటీ బయటికి పంపింది, దాంతో అరుపులు ఇంకా పెరిగాయి.

ఇదంతా నడుస్తుండగా మార్చిలో సీజన్ టికెట్ల రేటు సగటున 8.61 శాతం పెంచుతున్నామని చెప్పారు. టైమింగ్ అంటే అదీ.

ఫ్యాన్స్‌కి లుకా ముఖ్యమని తెలుసు గానీ ఇంతలా అని తెలియదన్న అర్థం వచ్చేలా హారిసన్ సీజన్ చివర్లో అన్నాడు. జట్టులో మూడున్నరేళ్లకి పైగా ఉన్న మనిషి అనాల్సిన మాటేనా?

లేకర్స్ ఆటగాడిగా లుకా డల్లాస్‌కి తిరిగి వచ్చిన రోజు ఏం జరిగింది?

ఏప్రిల్ 9. ప్రతి సీటు మీద ఒక టీషర్టు, దాని మీద స్లొవేనియన్ భాషలో "అన్నిటికీ థాంక్స్" అని. ఆట మొదలయ్యే ముందు పెద్ద తెర మీద అతని పాత వీడియోలు వేశారు. లుకా బెంచి మీద కూర్చుని పైకి చూస్తూ ఉన్నాడు, కాసేపు ఆపుకున్నాడు, తర్వాత తువాలుతో మొహం తుడుచుకోవడం కెమెరాకి దొరికింది. తెర మీద వీడియో అయిపోయింది, చప్పట్లు అవ్వలేదు.

తర్వాత 45 పాయింట్లు కొట్టాడు. సొంత జట్టు ఓడుతుంటే ఇరవై వేల మంది చప్పట్లు కొట్టడం ఇంకెక్కడైనా చూశారా? లేకర్స్ 112, డల్లాస్ 97. ప్రత్యర్థి ఫ్రీ త్రో వేస్తుంటే మామూలుగా గోల చేస్తారు, ఇక్కడేమో "ఫైర్ నికో" నినాదాలు.

ప్లే-ఇన్ దాకా వెళ్లారుగా, అక్కడేమైంది?

ప్లే-ఇన్ అంటే 7 నుంచి 10 స్థానాల జట్లు చివరి ప్లేఆఫ్స్ బెర్తుల కోసం ఆడే మ్యాచ్‌లు. శాక్రమెంటోని వాళ్ల ఊళ్లోనే 120-106తో ఓడించారు. రెండు రోజుల తర్వాత మెంఫిస్‌లో సరిగ్గా అదే 120-106 స్కోరుతో ఓడిపోయారు. డేవిస్ నొప్పితోనే 40 పాయింట్లు వేశాడు. ఆ రాత్రి మాత్రం అతని మీద అందరికీ గౌరవం పెరిగింది.

లేకర్స్ అయినా బాగుపడ్డారా?

50 గెలిచి మూడో స్థానంలో నిలిచారు, మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 4-1తో పోయారు. ఆగస్టులో లుకా అక్కడ కొత్త కాంట్రాక్ట్ సంతకం చేశాడు. తిరిగి వస్తాడేమోనని ఆశపడుతున్నవాళ్లు ఇక ఆపేయొచ్చు.

మార్క్ క్యూబన్ ఎందుకు ఆపలేదు? ఓనర్ ఆయనే కదా?

ఇప్పుడు కాదు. 2023 డిసెంబర్‌లో మెజారిటీ వాటా మిరియం అడెల్సన్ కుటుంబానికి అమ్మేశాడు, వ్యవహారాలు చూసేది ఆవిడ అల్లుడు పాట్రిక్ డూమాంట్. అమ్మినా బాస్కెట్‌బాల్ నిర్ణయాల్లో తన మాట నడుస్తుందని క్యూబన్ అనుకున్నాడు, నడవలేదు. ఈ ట్రేడ్‌లో తనని ఎవరూ అడగలేదని తర్వాత తనే చెప్పాడు. వాటా అమ్మేశాక మాట ఎవరు వింటారు?

తర్వాత 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ డల్లాస్‌కే ఎలా వచ్చింది? రిగ్గింగ్ కాదా?

ఇది అడగని తెలుగువాడిని నేను చూడలేదు. మనకి ప్రతిదాంట్లో కుట్ర కనిపిస్తుంది, అమెరికావాళ్లేం తక్కువ తినలేదు, వాళ్లూ ఇదే అన్నారు.

ప్లేఆఫ్స్‌కి వెళ్లని జట్లలో డ్రాఫ్ట్‌లో ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ ఎలా తీస్తారో చూడండి. 14 బంతుల్లోంచి నాలుగు తీస్తారు, మొత్తం 1001 కాంబినేషన్లు, ఒకటి పక్కన పెట్టి మిగతా వెయ్యీ జట్లకి పంచుతారు. ఆడిన తీరు ఎంత చెత్తగా ఉంటే అన్ని ఎక్కువ. డల్లాస్‌కి వచ్చినవి 18, అంటే 1.8 శాతం. మే 12న బంతులు తీసేది గదిలో జట్ల ప్రతినిధులు, ఆడిట్ వాళ్లు, విలేకర్ల ముందు. వెయ్యిలో 18 అంటే తక్కువే, సున్నా మాత్రం కాదు. అలా కూపర్ ఫ్లాగ్ వచ్చాడు, డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు, 18 ఏళ్లు.

మెంఫిస్ మీద గెలిచి ఉంటే లాటరీలోనే ఉండేవాళ్లు కాదన్నది మర్చిపోకండి. కాబట్టి ఫ్లాగ్‌ని చూపించి, చూశారా అంతా మంచికే జరిగింది, హారిసన్ దూరదృష్టి అనేవాళ్లు ఎదురైతే ఈ లెక్క చెప్పండి. గెలవాలని చేసిన ట్రేడ్ ఓడిపోతే దొరికిన బహుమతి అది. ప్లాన్ ఫలించి కాదు, ప్లాన్ పాడై వచ్చింది.

హారిసన్ ఏమయ్యాడు?

2025 నవంబర్ 11న తీసేశారు. కొత్త సీజన్ 3-8తో మొదలైంది, అరీనాలో అరుపులు ఆగలేదు. ట్రేడ్ అయిన తొమ్మిది నెలలకి. నాకు సంతోషం వేసిందా అని అడక్కండి, లుకా వెళ్లిపోయాక ఆయన పోతే ఎంత, ఉంటే ఎంత.

లుకా పాత 77 జెర్సీ వేసుకుని ఇప్పుడు మావ్స్ ఆటకి వెళ్తే బాగోదా?

హాయిగా వేసుకోండి. ఏప్రిల్ 9న అరీనాలో ఎటు చూసినా నీలం 77లే. మా కజిన్ అయితే "అన్నా, ఈబేలో పెట్టేయనా?" అని అడిగాడు, ఉంచుకోరా అన్నాను. ఫ్లాగ్ జెర్సీ కొనాలా అంటే, కుర్రాడి ఆటకి ఆ విలువ ఉంది, కొనండి. వెళ్లేటప్పుడు మాత్రం అరీనా పక్కన పార్కింగ్‌కి డబ్బులు తగలేయొద్దు. ఇర్వింగ్ వాళ్లకి డార్ట్ (డల్లాస్ లోకల్ రైలు) ఆరెంజ్ లైన్ నేరుగా విక్టరీ స్టేషన్‌లో దింపుతుంది, అరీనా ఎదురుగానే. ఫ్రిస్కోకి డార్ట్ రైలు లేదు కాబట్టి ప్లేనో దాకా కారులో వెళ్లి అక్కడ పెట్టేసి ఎక్కండి. టీఆర్ఈ (డల్లాస్-ఫోర్ట్ వర్త్ మధ్య నడిచే) రైలు నమ్ముకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఆదివారం అది నడవదు.